పై 4లో ఫ్లూయిడ్‌సింత్ చిటపటలు: బోర్డు మార్చే ముందు ఇవి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో ఫ్లూయిడ్‌సింత్ (కీబోర్డు నోట్లని వాయిద్యాల శబ్దంగా మార్చే సాఫ్ట్‌వేర్ సింత్) పెట్టారు. యూఎస్‌బీ మిడి కీబోర్డు (ఏ నోట్ నొక్కారో కంప్యూటర్‌కి చెప్పేది), యూఎస్‌బీ సౌండ్ కార్డు తగిలించారు. టెర్మినల్‌లో మీరే కమాండ్ కొట్టి నడిపితే బాగానే పలుకుతోంది. స్క్రీన్ తీసేసి, పవర్ ఇవ్వగానే దానంతట అదే మొదలయ్యేలా సిస్టమ్‌డీ (లినక్స్‌లో బూట్ కాగానే ప్రోగ్రాములు మొదలెట్టేది) సర్వీస్ రాస్తే మాత్రం చిటపటలు వస్తున్నాయి, కొన్నిసార్లు బూట్ అయ్యాక అసలు సౌండే లేదు. బఫర్ (కార్డుకి చేరేముందు శబ్దం కాసేపు నిలిచే చోటు) పెంచితే చిటపట తగ్గింది కానీ, కీ నొక్కిన కాసేపటికి గానీ శబ్దం రావట్లేదు. పై 5 కొనాలా అని అడుగుతున్నారు.

కొనక్కర్లేదు. ఫ్లూయిడ్‌సింత్‌కి పై 4 చాలు. టెర్మినల్‌లో బాగుండి సర్వీస్‌లో చెడిందంటే హార్డ్‌వేర్ బలం సరిపోతోందని మీ బోర్డే చెబుతోంది. మీ సర్వీస్‌కి రియల్‌టైమ్ ప్రయారిటీ, అంటే మిగతా ప్రోగ్రాముల కంటే ముందు వంతు, అందట్లేదన్నది నా మొదటి అనుమానం. సౌండ్ రాకపోవడం వేరే సమస్య, అది కార్డు నంబరు మారడం వల్లో, కార్డు సిద్ధం కాకముందే సింత్ లేవడం వల్లో వస్తుంది. రెండింటినీ ఒకటే అనుకుని ఒకేసారి నాలుగు సెట్టింగులు మారిస్తే ఏది పనిచేసిందో మీకే తెలియకుండా పోతుంది. ఒక్కోటీ విడిగా చూద్దాం.

ముందు అసలు చిటపట ఎందుకొస్తుందో చెప్తాను, తర్వాతవన్నీ దాని మీదే ఆధారపడతాయి. సింత్ కొన్ని శాంపిళ్లు (శబ్దాన్ని చెప్పే అంకెలు) లెక్కగట్టి బఫర్‌లో పోస్తుంది, సౌండ్ కార్డు అవతలి నుంచి ఒకే వేగంతో తోడుకుంటుంది. ఇంటి మీది ట్యాంకూ కింది కుళాయీ లాగే: మోటారు ఎంత పెద్దదైనా, ట్యాంకు ఖాళీ అయ్యాక వేస్తే కుళాయి ఆగుతుంది. ఆ ఆగడమే మీకు టిక్ మని వినిపిస్తుంది. దీన్నే అండర్‌రన్ అంటారు, ఎక్స్‌రన్ అనీ అంటారు. రోజంతా సీపీయూ వాడకం ఇరవై శాతం దాటకపోయినా, ఒక్కసారి ఐదు మిల్లీసెకన్లు సింత్‌కి వంతు రాకపోతే టిక్ వస్తుంది. అందుకే టాప్ కమాండ్‌లో సీపీయూ ఖాళీగా ఉందని చూసి "ప్రాసెసర్ సమస్య కాదు" అని తేల్చేయకూడదు. సగటు ఎంతన్నది ఇక్కడ పనికిరాదు, అన్నిటికన్నా ఆలస్యమైన ఆ ఒక్క క్షణమే లెక్క.

ఏ సెట్టింగూ ముట్టుకోకముందు చెవితో వినండి. నా దగ్గరికి ఎవరు బాక్స్ తెచ్చినా నేను మొదట చేసేది ఇదే. ఆర్గన్ శబ్దం ఎంచుకుని (పియానో వద్దు, అది దానంతట అదే సన్నగిల్లిపోతుంది) ఒక్క కీ నొక్కిపెట్టి వినండి. ఆర్గన్ నోట్ చదునుగా సాగుతుంది కాబట్టి చిన్న టిక్ కూడా దాగదు.

ఒక్క నోట్‌కే అప్పుడొకటి అప్పుడొకటి టిక్కులు పడుతుంటే సింత్‌కి పని ఎక్కువై కాదు, దాని వంతు ఆలస్యమవుతోంది. ప్రయారిటీ, పవర్, యూఎస్‌బీ చూడాలి. ఒక్క నోట్ శుభ్రంగా ఉండి, పెడల్ తొక్కి రెండు చేతులా వాయించినప్పుడే చిటపటలాడితే పని నిజంగానే ఎక్కువవుతోంది. గట్టిగా కొట్టిన కార్డ్స్‌లో (ఒకేసారి కలిపి నొక్కిన నోట్లలో) మాత్రమే చిరిగినట్టు వినిపించి, మెల్లగా వాయిస్తే ఎన్ని నోట్లైనా బాగుంటే అది క్లిప్పింగ్ (శబ్దం హద్దు దాటి పైభాగం తెగిపోవడం), బఫర్‌తో సంబంధమే లేదు. ఫ్లూయిడ్‌సింత్‌లో గెయిన్, అంటే శబ్దం స్థాయి, మామూలుగా 0.2 ఉంటుంది. శబ్దం చిన్నగా ఉందని చాలామంది దాన్ని 1కో 2కో పెంచేసి, ఆ చిరుగుడుని అండర్‌రన్ అనుకుని బఫర్ పెంచుకుంటూ పోతారు. గెయిన్ సగానికి తగ్గించి మళ్లీ అదే కార్డ్ కొట్టండి, క్షణంలో తేలిపోతుంది.

ఇక ఏ కీ నొక్కకపోయినా సన్నగా కీచుమంటూ, ఎస్‌డీ కార్డు యాక్సెస్ జరిగినప్పుడల్లా ఆ కీచు మారుతుంటే అది కరెంటు దారిలో వచ్చే రొద. దాన్ని ఏ సాఫ్ట్‌వేర్ సెట్టింగూ పోగొట్టదు. బోర్డూ యాంప్లిఫయరూ గ్రౌండ్‌ని రెండు దారుల్లో పంచుకున్నప్పుడు ఇది వస్తుంది. బోర్డుని కాసేపు పవర్ బ్యాంకు మీద నడిపి చూడండి. రొద ఆగిపోతే మధ్యలో ఆ గ్రౌండ్ దారిని విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ గానీ డీఐ బాక్స్ గానీ పెట్టాలి.

మీరు రాసిన లక్షణాలు మొదటి రకానికి సరిపోతున్నాయి కాబట్టి అక్కడే ఎక్కువ చెప్తాను.

సర్వీస్‌కి రియల్‌టైమ్ అనుమతి. ఫ్లూయిడ్‌సింత్ తన ఆడియో థ్రెడ్‌కి 60 రియల్‌టైమ్ ప్రయారిటీ అడుగుతుంది. అది ఇవ్వాలా వద్దా అన్నది కెర్నల్ (లినక్స్ మూల భాగం) పెట్టే పరిమితిని బట్టి ఉంటుంది. మీరు లాగిన్ అయి టెర్మినల్‌లో నడిపినప్పుడు ఆ పరిమితి లాగిన్ దారిలో వస్తుంది. మీ యూజర్ ఆడియో గ్రూపులో ఉండి, ఈటీసీలోని సెక్యూరిటీ ఫోల్డర్‌లో లిమిట్స్ ఫైల్ ఆ గ్రూపుకి ఆర్‌టీప్రయో (అడగగల గరిష్ఠ ప్రయారిటీ) 95, మెమ్‌లాక్ (ర్యామ్‌లో కదలకుండా ఉంచుకోగల మెమరీ) అన్‌లిమిటెడ్ అని చెబితే చాలు. కానీ సిస్టమ్ సర్వీస్‌గా మొదలైన ప్రోగ్రామ్ ఆ లాగిన్ దారిలో రాదు. సర్వీస్ ఫైల్‌లో యూజర్ పేరు రాసినా సరే, ఆ లిమిట్స్ ఫైల్‌ని ఎవరూ చదవరు. సింత్ 60 అడుగుతుంది, కెర్నల్ కుదరదంటుంది, సింత్ ఒక హెచ్చరిక రాసి మామూలు ప్రయారిటీతోనే నడుస్తుంది. ఆ హెచ్చరిక స్క్రీన్ మీద కనిపించదు కాబట్టి మీకు తెలియదు.

జర్నల్‌సీటీఎల్‌లో మీ సర్వీస్ లాగ్ తీయండి. థ్రెడ్‌కి హై ప్రయారిటీ పెట్టలేకపోయానని ఒక వార్నింగ్ ఉంటే నా అనుమానం నిజమే. ఇంకా ఖాయం చేసుకోవాలంటే సీహెచ్‌ఆర్‌టీ కమాండ్‌కి ఏ, పీ ఆప్షన్లతో సింత్ ప్రాసెస్ నంబరు ఇవ్వండి. అది థ్రెడ్లన్నింటినీ వరసగా చూపిస్తుంది. వాటిలో ఒకదాని పక్కన షెడ్_ఫిఫో, 60 అని ఉండాలి. అన్నీ షెడ్_అదర్, 0 అనే ఉంటే మీ సింత్ కూడా మిగతా ప్రోగ్రాములతో సమానంగా క్యూలో నిలబడుతోందన్నమాట.

సరిచేయడం తేలిక. సర్వీస్ ఫైల్‌లోని సర్వీస్ విభాగంలో లిమిట్‌ఆర్‌టీప్రయో విలువ 95, లిమిట్‌మెమ్‌లాక్ విలువ ఇన్ఫినిటీ అని రెండు లైన్లు చేర్చండి. డీమన్ రీలోడ్ చేసి సర్వీస్ మళ్లీ మొదలెట్టండి. ఆ ఆర్గన్ నోట్ మళ్లీ నొక్కి వినండి. నేను చూసిన "బూట్‌లో మాత్రమే చిటపట" కేసుల్లో చాలావరకు ఈ రెండు లైన్లతోనే తీరిపోయాయి.

తీరకపోతే తర్వాత చూడాల్సింది కరెంటు.

పవర్. వీసీజెన్‌సీఎండీ కమాండ్‌కి గెట్_థ్రాటిల్డ్ అని ఇవ్వండి. 0ఎక్స్0 అని వస్తే ఏ లోటూ లేదు. 0ఎక్స్50000 అని వస్తే బూట్ అయ్యాక ఎప్పుడో ఒకప్పుడు వోల్టేజీ పడిపోయింది, దానివల్ల క్లాక్ కూడా తగ్గింది. చివర 5 కూడా ఉంటే ఇప్పుడు, ఈ క్షణంలో కూడా పడిపోయే ఉంది. ముందున్న 5 గుర్తు రీబూట్ దాకా చెరిగిపోదు కాబట్టి, కాసేపు వాయించాకే చూడండి. బోర్డుకి అందే వోల్టేజీ దాదాపు 4.63 కంటే కిందికి జారితే ఈ గుర్తు పడుతుంది. పై 4కి 5 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే సప్లై కావాలి. ఫోన్ ఛార్జర్ మీద అంత రాసి ఉన్నా, సన్నటి పొడవాటి కేబుల్‌లోనే అర వోల్టు పోవచ్చు.

ఒక కీబోర్డ్ ప్లేయర్ బాక్స్ నాకు బాగా గుర్తుంది. రిహార్సల్‌లో ఏ లోపమూ లేదు, స్టేజీ మీద మాత్రం రెండో పాట నుంచి చిటపటలు. లోడ్, సౌండ్‌ఫాంట్ (వాయిద్యాల శబ్దాలుండే ఫైల్), సెట్టింగులు అన్నీ అవే. తేడా కేబుల్ ఒక్కటే: స్టేజీ మీద స్టాండ్ కింది దాకా అందాలని పొడవాటిది వాడేవాడు. పైగా కీబోర్డు కూడా బోర్డు నుంచే కరెంటు తీసుకునేది, ప్యాడ్ల లైట్లన్నీ వెలిగితే ఇంకాస్త లాగేది. గెట్_థ్రాటిల్డ్‌లో 0ఎక్స్50005 వచ్చింది. పొట్టి మందపాటి కేబుల్ వేసి, కీబోర్డుని సొంత పవర్ ఉన్న హబ్ మీదికి మార్చాక మళ్లీ ఆ ఫిర్యాదు రాలేదు.

వేడి కూడా ఇలాగే పనిచేస్తుంది. 80 డిగ్రీల దగ్గర బోర్డు తనంతట తాను వేగం తగ్గించుకోవడం మొదలెడుతుంది. మూసిన డబ్బాలో పెట్టారంటే హీట్‌సింక్ తప్పనిసరి.

దీనికి దగ్గరి విషయం సీపీయూ గవర్నర్, అంటే ప్రాసెసర్ వేగాన్ని ఎప్పుడు పెంచాలో తగ్గించాలో తేల్చేది. మామూలుగా ఆన్‌డిమాండ్ అని ఉంటుంది. మీరు వాయించకుండా ఉన్నప్పుడు పై 4 క్లాక్ 600 మెగాహెర్ట్జ్‌కి దిగిపోతుంది, పెద్ద కార్డ్ పడగానే పైకి ఎక్కాలి. ఆ ఎక్కే లోపే బఫర్ ఖాళీ అయితే కార్డ్ మొదట్లోనే టిక్ వస్తుంది. కాసేపు ఆగి మళ్లీ మొదలెట్టిన ప్రతిసారీ మొదటి కార్డ్‌లోనే చప్పుడు వస్తుంటే ఇదే కారణం కావచ్చు. గవర్నర్‌ని పర్ఫార్మెన్స్‌కి మార్చండి. సింత్ కోసమే పెట్టిన బోర్డుకి ఇందులో నష్టమేమీ లేదు, కాస్త వేడెక్కుతుంది అంతే.

సౌండ్ అసలే రాకపోవడం. దీనికి మూడు కారణాలు వరసగా చూడండి.

మొదటిది కార్డు నంబరు. పై 4లో రెండు హెచ్‌డీఎంఐ పోర్టులు, హెడ్‌ఫోన్ జాక్, మీ యూఎస్‌బీ కార్డు అన్నీ విడివిడి సౌండ్ కార్డులుగా కనిపిస్తాయి. ఏది ముందు లేస్తే దానికి ముందు నంబరు. ఈరోజు 1 అయింది రేపు 3 కావచ్చు. మీ సర్వీస్‌లో కార్డు నంబరు రాసి ఉంటే సింత్ హాయిగా నడుస్తూనే ఉంటుంది, శబ్దం మాత్రం ఏమీ తగిలించని హెచ్‌డీఎంఐకి పోతుంటుంది. ఏప్లే కమాండ్‌ని చిన్న ఎల్ ఆప్షన్‌తో కొడితే కార్డుల జాబితా వస్తుంది. ప్రతి లైన్‌లో నంబరు పక్కనే ఒక పొట్టి పేరు ఉంటుంది. సర్వీస్‌లో నంబరు తీసేసి హెచ్‌డబ్ల్యూ, కోలన్, కార్డ్, ఈక్వల్స్, ఆ పేరు అని రాయండి. పేరు బూట్ బూట్‌కీ మారదు.

రెండోది తొందరపడి లేవడం. యూఎస్‌బీ కార్డుని కెర్నల్ గుర్తించేలోపే సింత్ మొదలై, కార్డు కనబడలేదని ఆగిపోతుంది. చాలామంది సర్వీస్‌లో "సౌండ్ టార్గెట్ తర్వాత" అని రాసి నిశ్చింతగా ఉంటారు. ఏ ఒక్క సౌండ్ కార్డు కనిపించినా ఆ టార్గెట్ పూర్తయినట్టే, హెచ్‌డీఎంఐ లేస్తే చాలు. మీ యూఎస్‌బీ కార్డు కోసం అది ఎదురుచూడదు. అంతకంటే రీస్టార్ట్ విలువ ఆల్వేస్ అని, రీస్టార్ట్‌సెక్ విలువ 3 అని పెట్టండి. కార్డు వచ్చేదాకా సింత్ మళ్లీ మళ్లీ లేచి చూస్తుంది. 3 ఎందుకంటే, పది సెకన్లలో ఐదుసార్లకు మించి మొదలెట్టాల్సి వస్తే సిస్టమ్‌డీ ఆ సర్వీస్‌ని విఫలమైనట్టు వదిలేస్తుంది. ఒక సెకను పెడితే ఆ హద్దు వెంటనే తగులుతుంది.

ఇక్కడే ఇంకోటి. సర్వీస్‌లో ఫ్లూయిడ్‌సింత్‌ని ఐ, ఎస్ ఆప్షన్లు రెండూ కలిపి నడపాలి. అవి లేకపోతే అది టైప్ చేసే కమాండ్ల కోసం చూస్తుంది, సర్వీస్‌కి టెర్మినల్ ఉండదు కాబట్టి ఇన్‌పుట్ అయిపోయిందనుకుని వెంటనే ముగించుకుంటుంది. ఎర్రర్ కూడా రాయదు.

మూడోది, కార్డుని ఇంకొకరు పట్టుకుని ఉండటం. డెబియన్ (పై వాడే ఓఎస్‌కి మూలమైన లినక్స్) ఫ్లూయిడ్‌సింత్ ప్యాకేజీతో పాటు ఒక యూజర్ సర్వీస్ కూడా వస్తుంది. మీరు లాగిన్ అయితే అది తనంతట తాను ఇంకో ఫ్లూయిడ్‌సింత్‌ని లేపవచ్చు. రెండింటిలో ఎవరు ముందు కార్డు తెరిస్తే వారిదే. పీఎస్ కమాండ్‌లో ఫ్లూయిడ్‌సింత్ రెండుసార్లు కనిపిస్తే ఆ యూజర్ సర్వీస్‌ని మాస్క్ చేసేయండి, అంటే అసలు లేవకుండా కట్టేయండి. డెస్క్‌టాప్ ఉన్న ఓఎస్ వాడుతుంటే పైప్‌వైర్ (డెస్క్‌టాప్ శబ్దాలన్నీ చూసుకునే ప్రోగ్రామ్) కూడా కార్డుని పట్టుకోవచ్చు. స్క్రీన్ లేని సింత్ బాక్స్‌కి డెస్క్‌టాప్ లేని లైట్ ఇమేజ్ వేసుకోవడమే మంచిది, ఈ గొడవలు సగం ఉండవు.

సింత్ నడుస్తోంది, కార్డు సరైనదే, అయినా కీ నొక్కితే ఏమీ రావట్లేదంటే మిడి కనెక్షన్ తెగి ఉంటుంది. ఏకనెక్ట్ కమాండ్‌తో కీబోర్డునీ సింత్‌నీ చేత్తో కలిపే బదులు ఫ్లూయిడ్‌సింత్‌లోనే మిడి ఆటోకనెక్ట్ సెట్టింగ్‌ని 1 చేయండి. అసలు కీబోర్డు నుంచి ఏదైనా వస్తోందా అని చూడాలంటే ఏసీక్డంప్ కమాండ్ వాడండి, కీ నొక్కగానే నోట్ ఆన్ లైన్లు వరసగా పడాలి.

ఇప్పుడు ఆలస్యం సంగతి. ఇది చివరికి ఉంచడానికి కారణం ఉంది. ప్రయారిటీ, పవర్ సరిచేయకుండా బఫర్ తగ్గిస్తే మళ్లీ చిటపటలే వస్తాయి.

బఫర్‌ని కార్డు ఒక్కో విడతగా తీసుకునే ముక్కల్ని పీరియడ్లు అంటారు. లెక్క ఇంతే: పీరియడ్ సైజుని పీరియడ్ల సంఖ్యతో గుణించి శాంపిల్ రేటుతో భాగించాలి. లినక్స్‌లో ఫ్లూయిడ్‌సింత్ మామూలుగా 64 సైజు, 16 పీరియడ్లు తీసుకుంటుంది. అంటే 1024 శాంపిళ్లు, 44100 దగ్గర దాదాపు 23 మిల్లీసెకన్లు. మీరు పెంచానన్నారు కాబట్టి ఇంకా ఎక్కువే ఉంటుంది. యూఎస్‌బీ కార్డుకి నేను 48000 రేటు, 128 సైజు, 3 పీరియడ్లతో మొదలెడతాను. అది 8 మిల్లీసెకన్లు. మిడి, యూఎస్‌బీ, కార్డు లోపలి ఆలస్యం కలిపి ఇంకొంత చేరుతుంది. గాలిలో శబ్దం మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి, 10 మిల్లీసెకన్లు అంటే స్పీకర్‌కి మూడున్నర మీటర్ల దూరంలో కూర్చున్నట్టు. చాలామంది ప్లేయర్లకి అది ఇబ్బంది కాదు. ఇంతకంటే తగ్గించాలని పట్టుబట్టకండి, 3 మిల్లీసెకన్లు గెలిచి పాట మధ్యలో ఒక్క టిక్ తెచ్చుకోవడం మంచి బేరం కాదు.

మీరు అడిగిన సైజే కార్డు ఇచ్చిందా అన్నది కూడా చూడాలి. సింత్ నడుస్తుండగా ప్రాక్ ఫోల్డర్‌లో ఏసౌండ్, అందులో మీ కార్డు, పీసీఎం0పీ, సబ్0 లోపల హెచ్‌డబ్ల్యూ_పారామ్స్ అనే ఫైల్ చదవండి. రేట్ 48000, పీరియడ్_సైజ్ 128, బఫర్_సైజ్ 384 అని కనిపించాలి. మీరు 128 అడిగితే అక్కడ 1024 ఉందంటే ఆలస్యం ఎక్కణ్ణుంచి వస్తోందో దొరికినట్టే. క్లోజ్డ్ అని మాత్రమే ఉంటే సింత్ ఆ కార్డు వాడట్లేదు. ఒక ఫైల్‌తో రెండు అనుమానాలు తీరతాయి. శాంపిల్ రేటు తేడాగా ఉంటే శ్రుతి కూడా తప్పుతుంది. దాని గురించి ఫ్లూయిడ్‌సింత్ లాగ్‌లో హెచ్చరిక కూడా రాస్తుంది.

బోర్డు మీది హెడ్‌ఫోన్ జాక్ వాడొచ్చు కదా అని అడుగుతారేమో. దాని శబ్దం అసలైన సౌండ్ చిప్‌తో కాక పీడబ్ల్యూఎం (వేగంగా ఆన్, ఆఫ్ చేసే) పద్ధతిలో తయారవుతుంది, బోర్డులోని వీడియోకోర్ గ్రాఫిక్స్ చిప్ ఫర్మ్‌వేర్ గుండా పోతుంది. హిస్ వినిపిస్తుంది, ఆలస్యం బాగా తగ్గించడం కుదరదు. పరీక్షించుకోవడానికి సరే, వాయించడానికి వద్దు. పై 5కి ఆ జాకే లేదు.

చివరగా, పెడల్ తొక్కి వాయించినప్పుడు మాత్రమే చిటపట మిగిలితే పాలిఫనీ, అంటే ఒకేసారి మోగగల వాయిస్‌ల (శబ్దాల) సంఖ్య, తగ్గించండి. మామూలుగా 256 ఉంటుంది. స్టీరియో పియానోలో ఒక కీకి కనీసం రెండు వాయిస్‌లు, లేయర్లు ఉంటే నాలుగు. పెడల్ కింద రెండు చేతులా ఒక పరుగు తీస్తే వంద దాటడం ఎంతసేపు? 96 పెట్టి వినండి. పాత నోట్లు మధ్యలో తెగినట్టు వినిపించనంతవరకు తగ్గించుకోవచ్చు. కోరస్ ఆపేయండి, పియానోకి దాని అవసరం లేదు. రివర్బ్ మాత్రం నాకు ఆపబుద్ధి కాదు, అది లేకపోతే శబ్దం ఎండిపోయినట్టుంటుంది. మిక్సర్‌లో రివర్బ్ ఉంటేనే ఇక్కడ ఆపండి.

వరస మళ్లీ చెప్తాను: లిమిట్ లైన్లు రెండు, తర్వాత గెట్_థ్రాటిల్డ్, తర్వాత కార్డు పేరు, రీస్టార్ట్, ఆ తర్వాతే బఫర్. ఒక్కోటి మార్చాక ఆర్గన్ నోట్ వినండి. ఇవన్నీ అయ్యాక కూడా టిక్కులు మిగిలితే మీ సర్వీస్ ఫైల్, హెచ్‌డబ్ల్యూ_పారామ్స్‌లో ఉన్నది, కాసేపు వాయించాక వచ్చిన గెట్_థ్రాటిల్డ్ విలువ, ఏప్లే జాబితా ఇక్కడ పెట్టండి. వైఫై ఆపినప్పుడు తేడా ఉందా లేదా అన్నది కూడా రాయండి, తర్వాత ఎటు వెతకాలో దాన్నిబట్టి చెప్పగలను.